కలవకూడని రక్తం

ఎలిశబెతు ఐసుపెట్టెను రెండు చేతులా ఎత్తి వాకిట్లో బోర్లించింది.

ఐసుగడ్డలు, వాటి చుట్టూ కూరిన రంపపుపొట్టు, మధ్యలో పాతిపెట్టిన గాజుకుప్పె, అన్నీ ఒక్కసారే జారి ఎండలో పడ్డాయి. కుప్పె పగల్లేదు. అందులో గీత దాకా ఆమె భర్త సమాధానం రక్తం ఉంది.

సాయంత్రం మద్రాసు మెయిలుకు టిక్కెట్టు తీసుకుని క్రీస్తురాజు బిట్రగుంట స్టేషను నుంచి తిరిగి వచ్చేసరికి ఐసు లేదు. రంపపుపొట్టు కూడా ఎండిపోయింది. అతను కుప్పెను చేతిలోకి తీసుకున్నాడు. వార్చి కాసేపయిన గంజిలా వెచ్చగా ఉంది.

"ఎంతసేపయింది వదినా?"

"పొద్దున నువ్వు వీధి మలుపు తిరగంగానే."

"ఎందుకు చేసినావు?"

ఎలిశబెతు గడప మీద కూర్చుని ఉంది. లేవలేదు. "నా మొగుడి నెత్తురు ఐసులో చల్లంగా ఉండాది. నా మొగుడేమో చాపమీద చస్తా ఉండాడు. ఈ రెండిట్లో ఏది కాపాడుకోవాలో నాకు తెలవలేదు రాజూ. పారబోసినాను."

క్రీస్తురాజు కుప్పెను కింద పెట్టాడు. మద్రాసులో నాలుగేళ్ళుగా చేస్తున్న పరిశోధన ఆ కుప్పెలో ఉందని ఆమెకు ఎన్నిసార్లో చెప్పాడు. విన్నప్పుడల్లా ఆమె తల ఊపింది. ఇప్పుడు ఆ తల ఊపడానికి అర్థం తెలిసింది.

లోపలినుంచి తల్లి పిచ్చమ్మ వచ్చింది. కోడలిని తిడుతుందనుకున్నాడు. కానీ ఆమె కొడుకు వైపే తిరిగింది. మీ చిన్నాయన పోలేరయ్య అల్లూరు నుంచి కొడుకులిద్దర్నీ తీసుకుని బండి కట్టుకొచ్చాడే, ముగ్గురూ చేతులు చాపి నిలబడ్డారే, వాళ్ళ రక్తం కలిసిందని నువ్వే చెప్పావే, మరి ఎందుకు వెనక్కి పంపావని అడిగింది. నిన్న అడిగింది. మొన్నా అడిగింది.

"కలిసింది గానీ పనికిరాదమ్మా. వాళ్ళకూ అన్నకున్నదే ఉంది. ఆ కణాలు అన్న ఒంట్లోకి పోతే నాలుగు రోజులు నిలవవు."

"మీ నాయన వంశంలోది పనికిరాదంటావు. నీదీ నాదీ కోడలిదీ కలవలేదంటావు. పరాయోళ్ళదీ కలవలేదంటావు. ఇంక యాడనుంచి తేవాల?"

చనిపోయిన గంగులయ్య వంశంలో కళ్ళు పచ్చగా ఉంటాయి. బోగోలులో దాన్ని ఎవరూ రోగమనుకోలేదు. అది వంశం గుర్తు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే ఆడో మగో అడగకముందే రెప్ప ఎత్తి చూసేవారు. అప్పుడప్పుడు కామెర్లు ముదిరి, పక్కటెముకల కింద బల్ల, అంటే ప్లీహం, పెరిగి ఎవరో ఒకరు నలభై దాటకుండా పోయేవారు. అదీ వంశంలో ఉన్నదే అనుకునేవారు. సమాధానం పచ్చటి కళ్ళతో పుట్టాడు. తెల్లటి కళ్ళతో పుట్టిన క్రీస్తురాజును వాళ్ళ నాయనమ్మ చాలాకాలం ఒడిలోకి తీసుకోలేదు. ఆ రోజుల్లో పిచ్చమ్మ పడిన మాటలు ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఈవేళ ఎలిశబెతు ఎత్తింది.

"పచ్చకళ్ళోళ్ళ నొప్పి తెల్లకళ్ళాయనకి ఎట్టా తెలుస్తాది అత్తా. నువ్వు ఊరికే అడగబాకు."

పిచ్చమ్మ ముఖం మాడిపోయింది. ఆమె మళ్ళీ లోపలికి పోయింది. వంటింట్లో గిన్నె ఒకటి కింద పెట్టిన శబ్దం వినబడింది.

డాక్టరు కరుణాకుమారి మధ్యాహ్నం లోపలే వచ్చింది. బోగోలులో ఆమెది పది పడకల ఆసుపత్రి. సమాధానాన్ని అక్కడికి తీసుకురమ్మని ఎంత చెప్పినా అతను ఒప్పుకోనందువల్ల ఆమే పూటపూటకూ వస్తోంది. నాడి చూసింది. రెప్ప దించి చూసింది. బయటికి వచ్చి క్రీస్తురాజును వేపచెట్టు దాకా తీసుకెళ్ళింది.

జ్వరం తగిలినప్పటినుంచీ సమాధానం ఒంట్లో కొత్త రక్తం పుట్టడం ఆగిపోయింది. పాతకణాలు ఎప్పటిలాగే చితికిపోతున్నాయి. ఉన్నది సగానికి, సగంలో సగానికి పడిపోయింది. మొన్న అయితే కొంచెం ఆగవచ్చని తనే అన్నానని, ఇప్పుడు ఆ మాట అననని ఆమె చెప్పింది.

"గుండె తట్టుకోలేకుండా ఉంది. ఇవాళ చీకటి పడేలోపల రక్తం ఎక్కించాలి. లేదంటే నన్ను మళ్ళీ పిలవక్కర్లేదు." ఆమె ఇంటి వైపు ఒకసారి చూసింది. "నెల్లూరుకు మనిషిని పంపినాను. అక్కడ ఈ రకం రక్తం సీసా లేదంట. ఊళ్ళో మీరు పరీక్ష చేసినవాళ్ళలో ఒక్కరిది కూడా కలవలేదా? బాగా చూసినారా?"

పరీక్షకు కావలసిన మందు మద్రాసు నుంచి తెచ్చింది క్రీస్తురాజే. ఊళ్ళో వాళ్ళ వేళ్ళు పొడిచి చూసిందీ అతనే. ఆమె అతని మాట మీద ఆధారపడింది.

"చూసినాను" అన్నాడు అతను.

సమాధానం నడవలో చాపమీద పడుకుని ఉన్నాడు. స్టేషను దారిలో అతనికి సైకిలు షాపు ఉంది. ఇనుము వంచిన చేతులు ఇప్పుడు దుప్పటి అంచు కూడా పట్టుకోలేకపోతున్నాయి. పెదవులకు, చెంపలకు తేడా లేదు. కళ్ళల్లో మాత్రం ఆ పచ్చదనం అలాగే ఉంది. పక్కన అతని కూతురు, నాలుగేళ్ళది, చింతగింజలు పరుచుకుని తనలో తనే మాట్లాడుకుంటోంది. దాని కళ్ళూ అంతే.

"ఐసు పారబోసిందంట గదా మీ వదిన" అన్నాడు సమాధానం. నవ్వబోయాడు. ఊపిరి చాలలేదు.

"పోనీలే అన్నా."

"పోనీలే అంటే ఎట్టా. మళ్ళీ తీసుకో. బిట్రగుంటలో ఐసు దొరుకుద్ది. సాయంత్రం మెయిలు అందుకోవచ్చు."

"అక్కర్లేదు. ఉన్నది చాలు."

"ఉన్నది ఎండకు ఉడికిపోయుంటాది. వెచ్చబడితే లోపలి దారాలు తెగిపోతాయని నువ్వే చెప్పినావు."

క్రీస్తురాజు తమ్ముడిలా చెప్పలేదు ఆ మాటలు, అప్పట్లో. బడిపంతులులా చెప్పాడు. ఎర్రకణం సైకిలు చక్రం లాంటిదన్నాడు. అది గుండ్రటి బిళ్ళలా ఉండి, సన్నటి నరాల్లోంచి వంగి దూరిపోవాలంటే పొర లోపలివైపు ఒక అల్లిక ఉండాలి. ఆ అల్లిక ఒక ప్రోటీను. టైరు లోపలి గుడ్డలాంటిదా అని సమాధానం అడిగాడు. అంతకంటే బాగా తను ఎప్పుడూ చెప్పలేకపోయాడు. గుడ్డ చివికితే ట్యూబు బుడగలా ఉబ్బి పేలిపోతుంది. ఈ వంశంలో కణాలు బిళ్ళల్లా కాకుండా బంతుల్లా ఉబ్బి ఉన్నాయి. బల్లలో చిక్కుకుని చితికిపోతున్నాయి.

మద్రాసులో అతను చేసేది చెప్పుకోడానికి చాలా చిన్న పని. కణాలను నీళ్ళలో పగలగొట్టి, ఎరుపు పోయి పొర ఒక్కటే తెల్లగా మిగిలేదాకా కడుగుతాడు. ఉప్పు లేనట్టే ఉన్న నీళ్ళలో దాన్ని నానబెడితే ఆ ప్రోటీను ఊడి వస్తుంది. ఆ నీళ్ళను సన్నటి గాజుగొట్టంలో పోసి, కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాడు. పొడవాటి దారాలైతే నీళ్ళు చిక్కబడి ఆలస్యంగా దిగుతాయి. తెగిన దారాలైతే తొందరగా దిగుతాయి. అన్న రక్తంలోది తొందరగా దిగింది. ఒకసారి దిగితే ఎవరూ నమ్మరు. ఇంకోసారి చూడాలి. పరదేశంలో ఎవరో ఇదే ప్రోటీను మీద పనిచేస్తున్నారని, ఇంక ఆలస్యం చేయవద్దని ప్రొఫెసరు చెప్పి పంపాడు.

"ముందు నెత్తురు ఎక్కించుకో. నా పని తర్వాత" అన్నాడు క్రీస్తురాజు.

"ఎక్కించుకుంటే వేరేవాళ్ళ కణాలు నా దాంట్లో కలిసిపోతాయి. నెలల తరబడి నాది నీకు పనికిరాదు. అదీ నువ్వు చెప్పిందే."

"నేను చెప్పినవన్నీ మర్చిపో."

"ఎట్టా మర్చిపోతాను." సమాధానం మెల్లిగా చెయ్యి కూతురి వైపు జరిపాడు. "దీనికి నయమయ్యేది చెప్పినావు గదా."

గుమ్మంలో ఎలిశబెతు గ్లాసుతో వచ్చి నిలబడింది. వాళ్ళిద్దరూ ఆమెను చూడలేదు.

క్రీస్తురాజు అన్న పక్కన కూలబడ్డాడు. అన్న చెయ్యి పట్టుకున్నాడు. అది తడిగా, చల్లగా ఉంది.

"అన్నా. దానికి దీంతో నయం కాదు."

సమాధానం అతన్ని చూశాడు.

"ఆ గుడ్డ యాడ చిరిగిందో తెలుసుకోడానికి చేస్తా ఉండాను. అంతే. అది అతికేదెట్టాగో నాకు తెలవదు. ఎవురికీ తెలవదు. పాప పెద్దదయ్యేలోపల కాదు, దాని బిడ్డలు పెద్దోళ్ళయ్యేలోపల కూడా తెలుస్తుందని చెప్పలేను. నువ్వు నెత్తురు ఇయ్యాలని అట్టా చెప్పినాను."

 సమాధానం తల అడ్డంగా తిప్పాడు. అతని ముఖంలో కోపం లేదు. చిన్నప్పుడు తమ్ముడు దెబ్బ తగిలి కూడా తగల్లేదన్నప్పుడు చూసినట్టు చూశాడు.

"డాక్టరమ్మ భయపెట్టిందా నిన్ను? నన్ను ఒప్పించడానికి ఇప్పుడు ఈ అబద్ధం పట్టుకొచ్చినావు."

"అబద్ధం కాదన్నా."

"నువ్వు పాప తలమీద చెయ్యి పెట్టి చెప్పినావు రాజూ. తలమీద చెయ్యి పెట్టి ఎవుడన్నా అబద్ధం చెబుతాడా? ఊరుకో. సూది తీసుకురా." కాసేపు రొప్పాడు. "ఒకవేళ నువ్వన్నట్టే ఎక్కించుకుంటాననుకో. ఎవురిది ఎక్కిస్తావు? ఎవురిదీ కలవలేదంటివి గదా."

అదీ అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా అన్నను బతికించే దారి లేదు. చెప్పిన తర్వాత ఈ ఇంట్లో తనకు దారి ఉండదు.

చింతగింజ ఒకటి దొర్లి అతని కాలి దగ్గర ఆగింది. పాప వచ్చి తీసుకుపోయింది.

"హజరత్తయ్యది కలిసింది" అన్నాడు క్రీస్తురాజు.

బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్ హజరత్తయ్య. సమాధానం షాపు ముందు బెంచీ మీద సగం జీవితం గడిపిన స్నేహితుడు. జ్వరం మొదలైనప్పుడు అందరికంటే ముందు వచ్చి చెయ్యి చాపినవాడు. ఆ తర్వాత మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. అది సమాధానానికి జబ్బుకంటే ఎక్కువ బాధ.

"బాగా కలిసింది. మంచి నెత్తురు. ఆ పూటే ఎక్కించి ఉండొచ్చు. కలిపితే నా పని పోతాదని నేనే పంపేసినాను. కలవలేదని చెప్పడానికి లేదు, తనది ఎవురికైనా పనికొచ్చేదని రైల్వే ఆసుపత్రిలో ఎప్పుడో చెప్పినారంట. అందుకని నీ నెత్తురులో దోషం కనబడింది, ఎవురికీ ఇయ్యబాకు అన్నాను. బయట చెప్పననీ అన్నాను. నీ నెత్తురు కుప్పెలోకి తీసుకున్నాక కూడా నిజం చెప్పే ధైర్యం రాలేదు."

గ్లాసు కింద పడలేదు. ఎలిశబెతు దాన్ని జాగ్రత్తగా గూట్లో పెట్టింది. ఆ జాగ్రత్త చూసి క్రీస్తురాజుకు భయం వేసింది.

సమాధానం నమ్మాడు. పాప సంగతి నమ్మనివాడు ఇది నమ్మాడు. నమ్మగానే అంతకుముందుది కూడా నమ్మాల్సి వచ్చింది. అది అతని ముఖంలో వరసగా కనబడింది. మొదట హజరత్తయ్య, తర్వాత పాప.

"అంటే నయం కాదా దానికి" అన్నాడు.

"కాదు."

సమాధానం కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కిందినుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. తుడుచుకోలేదు.

మాట్లాడింది ఎలిశబెతు. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

"ఆయన్ని తోడుకోని రా. నువ్వే పోవాల. నువ్వు చెప్పిందాన్ని ఇంకెవరు పోయి కాదన్నా ఆయన నమ్మడు. తోడుకోని రాకపోతే ఇటు రాబాకు. నీ పెట్టె, నీ గాజుసామాను స్టేషనుకు పంపిస్తాను."

షాపులోని సైకిలు ఒకటి తీసుకుని క్రీస్తురాజు బయటపడ్డాడు. పొలాల మీదినుంచి వేడిగాలి ఎదురు కొడుతోంది. వీధి చివర కరుణాకుమారి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆగి ఆమెకూ చెప్పాడు. ఆమె అతన్ని తిట్టలేదు. సీసా, గొట్టాలు ఉడకబెట్టి సిద్ధంగా ఉంచుతానంది. మీ మాట నమ్మి ఊరుకున్నది నేను కూడానని మాత్రం అంది, వేరే ఎవరితోనో అన్నట్టు.

లోకో షెడ్డులో హజరత్తయ్య లేడు. గూడూరు గూడ్సు మీద డ్యూటీ వేశారని, ఇంజను తగిలించారని, పరిగెత్తితే దొరుకుతాడని అక్కడి మేస్త్రి చెప్పాడు. క్రీస్తురాజు సైకిలు అక్కడే పారేసి పట్టాల మీద పరిగెత్తాడు.

ఇంజను ఆవిరి కక్కుతూ నిలబడి ఉంది. హజరత్తయ్య పైన పార పట్టుకుని బొగ్గు సర్దుతున్నాడు. ముఖమంతా మసి. క్రీస్తురాజును చూసి పార ఆపాడు.

"సమాధానం ఎట్టా ఉండాడు?"

"దిగు అన్నా. నీ నెత్తురు కావాల."

హజరత్తయ్య దిగలేదు. "నా దాంట్లో దోషం ఉందంటివే."

"లేదు. అబద్ధం చెప్పినాను."

"ఇప్పుడు మీ వాడికి కావాల్సొచ్చేసరికి మంచిదయిపోయిందా? తెలిసి తెలిసి నా పాడు నెత్తురు వాడికి పొయ్యమంటావా? నా వల్ల కాదు తమ్ముడా."

క్రీస్తురాజు చెప్పాడు. అన్న రక్తంలో ఇంకొకరిది కలవకూడదని తనకు ఎందుకు అనిపించిందో, గాజుకుప్పె సంగతి, గొట్టంలో నీళ్ళు దిగే సంగతి. చెబుతుంటే అవన్నీ అతనికే చిన్నపిల్లల ఆటలా వినబడ్డాయి. ఇంజను చప్పుడుకు కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. దోషం లేదన్నమాట గట్టిగా అరిచి చెప్పాడు. డ్రైవరు కూడా ఇటు తిరిగి చూశాడు.

హజరత్తయ్య నమ్మాడు. మసి కింద అతని ముఖం మారడం కనబడింది.

"నేను అప్పట్నుంచి నా బిడ్డను ఎత్తుకోలేదు" అన్నాడు. "కంచం వేరే పెట్టుకున్నాను. అరుగుమీద పడుకుంటా ఉండాను. పెంచలమ్మ అడగతానే ఉండింది. దాచి పెట్టలేక చెప్పినాను, నా నెత్తురులో దోషం ఉండాదంట అని. మగాడి నెత్తురులో దోషమంటే ఆడమనిషి ఏమనుకుంటాది? నేను యాడో తిరిగినాననుకునింది. పొద్దున బండికి బిడ్డను తీసుకోని గూడూరులో పుట్టింటికి పోయింది. ఇక రానని చెప్పి పోయింది."

హజరత్తయ్య పార పక్కన ఆనించి కిందికి వంగాడు.

"నువ్వు చీటీ రాసి పంపినా వినే మనిషి కాదు. నేను చెబితే అసలు వినదు. నువ్వు చెబితే వింటాది. నువ్వు ఆమె ముందర నిలబడి, ఇప్పుడు నాకు చెప్పినట్టు చెప్పాల."

"చెబుతానన్నా. రేపే పోయి చెబుతాను. ఎన్నిసార్లయినా చెబుతాను. ఇప్పుడు దిగు. చీకటి పడితే అన్న ఉండడు."

"రేపా?" హజరత్తయ్య తల అడ్డంగా ఊపాడు. అతను కోపంగా లేడు. కోపమైతే క్రీస్తురాజు బతిమాలి ఉండేవాడు. "బండి వదిలి దిగితే నా నౌకరీ పోద్ది. అది పోనీ, సమాధానం కోసం దిగుతాను. కానీ నీ పని అయిపోయినాక నువ్వు రేపు అన్నది చేస్తావని ఎట్టా నమ్మను? పని కాకముందే ఇంత చేసినోడివి."

దూరంగా సిగ్నలు రెక్క కిందికి వాలింది. డ్రైవరు కూత వేశాడు.

"ఎక్కు" అన్నాడు హజరత్తయ్య. "ముందు ఆమెకు చెప్పు. తర్వాత నా ఒంట్లో ఉన్నదంతా తీసుకో, కాదనను."

"గూడూరు పోయి తిరిగొచ్చేసరికి తెల్లవారుతాది."

"తెలుసు."

"అన్న చచ్చిపోతాడు."

హజరత్తయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మసి ఇంకా అలుముకుంది. "వాడు నా స్నేహితుడు. నీకంటే నాకు ఎక్కువే. ఆ సంగతి నువ్వు నన్ను పంపేసిన రోజు గుర్తు చేసుకోవాల్సింది." అతను పార తీసుకుని అగ్గిగది వైపు తిరిగాడు.

చక్రాలు ఒకసారి జారి, పట్టాలను పట్టుకున్నాయి. పెట్టెలు ఒకదాన్నొకటి లాగిన శబ్దం వెనక్కి పోయింది.

క్రీస్తురాజు ఇంజను మెట్ల పక్కన కడ్డీ పట్టుకున్నాడు. అది కాలుతోంది. బండితో పాటు నడిచాడు. తర్వాత పరిగెత్తాడు. ఎక్కాలో వదలాలో తేలలేదు. చెయ్యి మాత్రం కడ్డీని వదల్లేదు.